పరిచర్యయు నొక విద్యయే

వృద్ధులకు, రోగులకు సేవ చేయుటకు ప్రేమయు నోరిమియు నున్నచో చాలునని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. మేమును చిరకాల మట్లే తలచితిమి. ప్రేమ లేనిచోట సేవ లేదన్న మాట నిజమే. కాని ప్రేమ యొక్కటియే చాలదని మా యింటనే మాకు తెలిసివచ్చినది. అది తెలిసివచ్చిన విధము పదిమందిలో చెప్పుకొనదగినది కాదు. అయినను మా పొరపాటు మరియొక యింట జరుగకుండుటకై దాచక వ్రాయుచున్నాము.

మా అత్తగారికి 78 ఏండ్లు. కూరలో ఉప్పు వేసితినా లేదా యని పదిమార్లు అడుగుటతో మొదలైన మరపు, నాలుగేండ్లలో కన్నకొడుకును “మీరెవరు బాబూ?” అని అడుగువరకు వచ్చినది. డాక్టరుగారు పరీక్షలన్నియు చేయించి, ఇది ముసలితనపు చాదస్తము కాదనియు, డిమెన్షియా యను మెదడువ్యాధి యనియు చెప్పిరి. మా వారు బడిపంతులు. ఉదయము పోయి సాయంకాలమునకు వత్తురు. పిల్లలు చదువుకొను వయసువారు. మా యొక్కరి చేతులతో పని సాగక, పట్టణములోని యొక యేజెన్సీవారి ద్వారా పరిచారికను కుదుర్చుకొంటిమి. ఇరువదిరెండేండ్ల పిల్ల, మాట నెమ్మది, పని శుభ్రము. ఆ పిల్లకు వారు మూడు దినములు పని నేర్పిరట. పక్కదుప్పటి మార్చుట, డైపరు కట్టుట, రక్తపుపోటు చూచుట, మాత్రలు వేళకు వేయుట, ఇవన్నియు బాగుగనే నేర్పిరి. రోగి చేయి యెత్తినప్పుడేమి చేయవలెనో మాత్రము చెప్పలేదు. మేమును అడుగలేదు.

వచ్చిన రెండవవారమున, సాయంకాలము స్నానము చేయించుచుండగా మా అత్తగారు ఆ పిల్లను చెంపమీద కొట్టిరి. మరునాడు జుట్టు పట్టి లాగిరి. తన జీవితమున పిల్లినైన అదలించి యెరుగని మనిషి! “ఎవతెవే నువ్వు? నా చీర వదులు!” అని కేకలు. మేము పరుగెత్తుకొనిపోయి, “అత్తయ్యా, మన అమ్మాయే! స్నానం చేయిస్తోంది!” అని బిగ్గరగా చెప్పుచుంటిమి. మేము గట్టిగా చెప్పినకొలది ఆ కేకలు హెచ్చుచుండెను. ఒకనాడు వంటయింటినుండి పోయి చూడగా, ఆమె రెండుచేతులును మంచపుపట్టెకు తువ్వాలుతో కట్టబడియున్నవి. ఆ పిల్ల గోడకానుకొని యేడ్చుచున్నది. “కట్టకపోతే రక్కేస్తున్నారమ్మగారూ, నేనేం చెయ్యను?” అన్నది.

మేము కట్లు విప్పితిమి. కథ అంతటితో ముగిసినయెడల మేమీ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోవును. మరునాడు ఆ పిల్ల, “ఇలా అయితే నేను వెళ్లిపోతానమ్మగారూ” అన్నది. ఆమె పోయిన మా గతి యేమి యను భయము మమ్ము పట్టుకొన్నది. ఆ సాయంకాలము తువ్వాలు మరల మంచము చేరినది. మేము చూచియు చూడనట్లు వంటయింటిలోనికి పోతిమి. అట్లు మూడు సాయంకాలములు గడచినవి. నాలుగవనాడు చేతులకు నూనె రాయబోవగా, మణికట్టుచుట్టు కమిలిన చార కనబడినది. ముడి వేసిన చేయి ఆ పిల్లదే. కాని ఆ ముడికి సెలవిచ్చినది మా మౌనము.

ఆ రాత్రి మా వారితో చెప్పితిమి. వారు చాలసేపు మాటాడలేదు. మరునాడు తమ పూర్వశిష్యుని తల్లియైన యొక నర్సమ్మగారిని వెంటబెట్టుకొనివచ్చిరి. ఆమె ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చిరకాలము పనిచేసి విరమించినవారు. రాగానే మా అత్తగారిని చూతురనుకొంటిమి. ఆమె ముందుగా ఆ పిల్లను పిలిచి, ముంజేతిమీది గీట్లు కడిగి, మందు రాసి, “ఎన్ని రాత్రులై నిద్రపోలేదమ్మా?” అని అడిగిరి. తరువాత మావైపు తిరిగి, “ఎందుకు కొడుతున్నారని అడగకండి. కొట్టే ముందు ఏం జరిగిందో చెప్పండి” అనిరి. మేము చెప్పలేకపోతిమి. దెబ్బ మాకు జ్ఞాపకమున్నది. దెబ్బకు ముందటి సంగతి మేము చూచియుండలేదు.

ఆమె యొక నోటుపుస్తకము తెప్పించి, పుటను మూడు గడులుగా గీసి యిచ్చిరి. అలజడికి ముందేమి జరిగినది, అలజడిలో ఆమె యేమి చేసినది, తరువాత మేమేమి చేసితిమి, ఈ మూడును గంటతో సహా వ్రాయవలెను. “పిచ్చికోపము” వంటి మాటలు వ్రాయరాదు. కంటికి కనబడినది, చెవికి వినబడినది మాత్రమే వ్రాయవలెను. అంతవరకు బలవంతపు స్నానము వలదు, తడిగుడ్డతో తుడిచిన చాలు, కట్టుట యెన్నడును కూడదని కట్టడి చేసిరి.

ఎనిమిది దినములలో పదునొకండు సంగతులు వ్రాసితిమి. అందు తొమ్మిది దీపాలు పెట్టిన వేళకు, రాత్రి భోజనమునకు నడుమ జరిగినవి. ఏడింటిలో ఆ పిల్ల వెనుకనుండియో కుడివైపునుండియో వచ్చినది. మా అత్తగారి కుడిచెవి వినబడదని మేమామెతో చెప్పియే యుండలేదు. ప్రతిమారును మొదటిదెబ్బ చీరకుచ్చెళ్లపై చేయి పడిన క్షణముననే పడినది. స్నానపుగదిలో పీటపై కూర్చుండబెట్టునప్పుడు ఆమె మోకాళ్లు పట్టుకొని మూలుగుచుండెనని రెండుచోట్ల వ్రాసియున్నది. ఆ మూలుగు మేమెన్నడును వినలేదు.

పుస్తకము చదివి నర్సమ్మగారు మమ్మడిగిరి: “పొద్దుగూకిన వేళ, మసక చీకట్లో, ముఖం తెలియని మనిషి వెనక నుంచి వచ్చి మీ చీర లాగితే మీరేం చేస్తారు?” మేమేమి చెప్పుదుము? మా అత్తగారు చేసినదే మేమును చేయుదుము. పరమాచారముతో బ్రతికిన యిల్లాలు తన మానము కాపాడుకొనుచుండెను. దానిని మేము రోగమనుకొంటిమి.

తరువాత చేసిన మార్పులు మిక్కిలి చిన్నవి. స్నానము ఉదయమునకు మార్చితిమి. డాక్టరుగారి నడిగి, వారు చెప్పిన మోకాళ్ల నొప్పిమాత్రను స్నానమునకు ముందుగా నిచ్చితిమి. పీట తీసి చేతులున్న కుర్చీ వేయించితిమి. పరిచారిక యెదుటినుండి వచ్చి, ఎడమవైపున నిలిచి, “మామ్మగారూ, నేనమ్మా” యని పలుకరించి, ఆమె కన్నులు తనవైపు తిరిగినపిమ్మటనే చేయి వేయుచున్నది. చీర విప్పుటకు ముందు పెద్దతువ్వాలు భుజములపై కప్పి, దానిచాటున పని జరుపుచున్నది. చెంబు మా అత్తగారి చేతికే యిచ్చుచున్నది. మొదటినీళ్లు ఆమె తానే పోసికొనును. దెబ్బలు పూర్తిగా నిలిచిపోయినవని చెప్పము. ఎనిమిది దినములలో పదునొకండుమార్లున్న అలజడి నెలకు రెండుమూడుమార్లకు తగ్గినది. తువ్వాలు మరల మంచపుపట్టెకు పోలేదు.

పసిబిడ్డ యేడ్చినచో, ఆకలియో కడుపునొప్పియో చీమ కుట్టినదో యని తల్లి వెదకును. నన్ను బాధించుటకే యేడ్చుచున్నదని యనుకొనదు. మాట తప్పిన పెద్దల అలజడియు నట్టిదే. నొప్పి, భయము, ఆకలి, మలబద్ధము, చలి, విసుగు, అవమానము, ఇవన్నియు మాటగా వెలువడలేక చేతిగా వెలువడును. అయితే ఒక్క భేద మున్నది. వారు బిడ్డలు కారు. డెబ్బదియేండ్లు గౌరవముతో బ్రతికినవారు. వారియెడ బిడ్డలతోవలె ముద్దుమాటలాడుటయు, అదలించుటయు రెండును వారిని నొప్పించునని నర్సమ్మగారు హెచ్చరించిరి.

ఇది కొత్తగా పుట్టిన తలంపు కాదు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి నాలుగు గుణములు కావలెననిరి. అనురాగము, శుచిత్వము, నేర్పు వానిలో నున్నవి. కాని మొట్టమొదట చెప్పినది ఉపచారజ్ఞత, అనగా పరిచర్య యెట్లు చేయవలెనో తెలిసియుండుట. చిన్ననాడు మా తండ్రిగారివద్ద ఆ భాగము చదువుకొన్నాము. ప్రేమకంటె ముందు తెలివి నేల చెప్పిరో మాకప్పుడు బోధపడలేదు. మంచపుపట్టెకు కట్టిన చేతులు చూచినపిమ్మట బోధపడినది.

పాశ్చాత్యదేశములలోను ఈ పాఠము మెల్లమెల్లగ నేర్చుకొనవలసి వచ్చినది. పారిసు నగరపు బిసేత్రు ఆసుపత్రిలో మతి చలించినవారిని ఇనుపసంకెళ్లతో కట్టియుంచెడివారు. 1797లో ఆ సంకెళ్లు తీయించినవాడు వైద్యుడు కాడు. పుస్సిన్ అను పర్యవేక్షకుడు. ఆయన భార్య మార్గరీత్ జుబ్లీన్‌యు ఆయనతో కలిసి రోగులను చూచుచుండెను. రోగులను కొట్టరాదని ఆయన పనివారికి కట్టడి చేసెను. తానొకప్పుడు రోగిగా ఆ ఆసుపత్రి చేరినవాడు గనుక, కోలుకొన్నవారినే పనివారిగా తీసికొనెను. దెబ్బతిన్నవానికి దెబ్బ బాధ తెలియును గదా! ఇంగ్లండులో హాన్వెల్ ఆసుపత్రియందు జాన్ కొనోలీ 1839లో కట్లన్నియు మాన్పించెను. స్కాట్లండులోని డంఫ్రీసు పట్టణమున బ్రౌన్ అను వైద్యుడు 1854లో పరిచారకులకు ఉపన్యాసములతో పాఠము చెప్పెను. 1885లో వారికొరకే యొక పాఠ్యపుస్తకము వెలువడగా, 1891నుండి పరీక్షలు పెట్టి యోగ్యతాపత్రము లిచ్చిరి. కట్లు విప్పుట యొక్కటి. విప్పినపిమ్మట ఆ చేతులతో నెట్లు మెలగవలెనో పనివారికి నేర్పుట మరియొకటి. రెండవది లేక మొదటిది నిలువదు.

నేర్పనిచోట నేమగునో చెప్పుటకు మన దేశమున నొక్క పేరు చాలును. తమిళనాడు రామనాథపురము జిల్లాలోని ఏర్వాడిలో మానసికరోగుల నుంచిన యొక శాలకు 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున నిప్పంటుకొన్నది. రోగులు గొలుసులతో కట్టబడియుండిరి. 28 మంది కాలి మరణించిరి. ఇంగ్లండులో 2010లో ఒలసెని లూయిస్ అను 23 ఏండ్ల యువకుడు ఆసుపత్రిలో పలువురు కలిసి చాలసేపు అదిమిపట్టుటచేత ప్రాణము కోల్పోయెను. 2011లో బ్రిస్టలుకు సమీపమున వింటర్బోర్న్ వ్యూ అను శాలలో పనివారు రోగులను పెట్టు హింస టెలివిజనులో వెల్లడియైనది. మరుసటి సంవత్సరము 11 మంది సిబ్బంది దోషులని తేలి, వారిలో 6గురు కారాగారమునకు పోయిరి. లూయిస్ తలిదండ్రుల పోరాటమువలన 2018లో అక్కడ నొక చట్టము వచ్చినది. దాని ననుసరించి మానసిక వైద్యశాలలలో బలప్రయోగమును గూర్చి పనివారికి శిక్షణ యీయవలెను. బలము వాడినప్పుడు వివరములు వ్రాసియుంచవలెను.

మన దేశమునందును 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చేయబడినది. చికిత్సాలయములలో రోగిని గొలుసులతో ఏవిధముగను బంధింపరాదు, ఒంటరిగదిలో పెట్టరాదు. ఆ క్షణమున రోగికిగాని యితరులకుగాని కలుగబోవు హానిని ఆపుటకు మరి యే దారియు లేనప్పుడు మాత్రమే, మానసికవైద్యుని యనుమతితో, కావలసినంతసేపు మాత్రమే పట్టియుంచవచ్చును. ఎందుకు, ఎట్లు, ఎంతసేపు పట్టియుంచిరో వ్రాయవలెను. శిక్షగా చేయరాదు. పనివారు చాలరన్న కారణమున చేయరాదు. ఈ కడపటిమాట చదివినప్పుడు మా తల వంగినది. చట్టము చెప్పినది చికిత్సాలయములకే గాని గృహములకు కాదు. అయినను మేము తువ్వాలు చూచి ముఖము తిప్పుకొన్నది సరిగా ఆ కారణముననే గదా!

నర్సమ్మగారు నాలుగు ఆదివారములు మా యింటికి వచ్చి పాఠము చెప్పిరి. పరిచారికకు మాత్రమే కాదు; మాకు, మా వారికి, పదునాలుగేండ్ల మా అబ్బాయికిని కలిపి చెప్పిరి. ఒకరు మెల్లగా మాటాడి యింకొకరు అరచినచో నేర్చినదంతయు నీటిపాలగును. మొదటినాడు మమ్ము మంచముపై పరుండబెట్టి, కుడిచెవిలో దూది పెట్టి, కన్నులు మూసికొనుమని, చప్పుడు లేక వెనుకనుండి వచ్చి మా భుజముపై చేయి వేసిరి. మేము ఉలికిపడి చేయి విసరితిమి. “చూశారా, మీకు మతి బాగానే ఉంది. అయినా చెయ్యి లేచింది!” అనిరి. అందరము నవ్వితిమి, కాని ఆ పాఠము నేటికిని మరువలేదు.

అలజడి పెరుగుచున్నప్పుడు చేయవలసినది తొందరపడక పోవుటయే. దాని ముందుగుర్తులు ఒక్కొక్కరికి ఒక్కొక్కతీరుగా నుండును. మా అత్తగారు కొంగు ముడి వేయుచు విప్పుచుందురు. అది మొదలైన వెంటనే పని ఆపవలెను. స్నానము రేపైనను అగును. చేతికందనంత దూరమున, ఎదురుగా గాక కొంచెము ప్రక్కగా నిలువవలెను. రోగికిని తనకును తలుపుదారి విడిచియుంచవలెను. దారి మూసిన పిల్లియు పులియగునని మన పెద్ద లెరుగుదురు. ఒక్కరే మాటాడవలెను, చిన్నమాటలు, తగ్గుస్వరము. చుట్టు చేరినవారు తొలగిపోవలెను. వాదము పెట్టుకొనరాదు. “అమ్మ యింటికి పోతాను” అని యామె యనినప్పుడు, “మీ అమ్మ పోయి నలువదేండ్లయినది” యని నిజము చెప్పి గెలిచి లాభమేమి? ఆమె కది ప్రతిమారును కొత్తచావే. “మీ అమ్మగారు పులిహోర బాగా చేసేవారటగా?” యనినచో మనసు ఆ తలపుమీదికి మరలును. వేడివస్తువులు, కత్తిపీట, గాజుగ్లాసులు అందుబాటున నుంచరాదు.

చేయి పట్టుకొన్నప్పుడో జుట్టు పట్టుకొన్నప్పుడో లాగుకొనుట సహజము, అదియే హాని. జుట్టు పట్టినచో, పట్టిన చేతిపై మన చేయి మెత్తగా నుంచి తలకు ఆనించి, వారివైపే కొంచెము వంగి, పట్టు సడలువరకు మెల్లగా మాటాడుచుండవలెను. మణికట్టు పట్టినచో, బొటనవ్రేలికిని తక్కినవ్రేళ్లకును నడుమ సందువైపునకు చేయి త్రిప్పి తీసికొనవలెను. రోగి వ్రేళ్లు విరుచుట, చేయి మెలిపెట్టుట పాపము. ముసలియెముకలు పుల్లలవలె విరుగును. ఈ పట్లు మేము వ్రాసినది చదివి వచ్చునవి కావు. తెలిసినవారియెదుట పదిమార్లు చేసి చూచి నేర్చుకొనవలెను.

ప్రాణాపాయమున రోగిని పట్టుకొనక తప్పనిచోట, ఉదాహరణమునకు రోగి వీధిలోని వాహనములవైపు పరుగెత్తినచో, కొన్ని నియమములు జ్ఞాపకముంచుకొనవలెను. బోర్ల పరుండబెట్టి పట్టుకొనరాదు. వీపుపైగాని, రొమ్ముపైగాని, మెడపైగాని, కడుపుపైగాని బరువు మోపరాదు. ఊపిరి పీల్చునప్పుడు ప్రక్కటెముకలును కడుపును కదలవలెను. పైన బరువున్నచో కదలలేవు. పెనుగులాడు శరీరమునకు గాలి మామూలుకంటె నెక్కువ కావలెను. గాలికొరకు రోగి కొట్టుకొనుచుండగా, ఎదిరించుచున్నాడని తలచి పట్టినవారు మరింత యదుముదురు. పలువురు మరణించినది ఇట్లే. కావున ఒకరు పట్టుకొనుటకే కాక, ముఖమును, పెదవులరంగును, ఊపిరిని చూచుటకే యొకరుండవలెను. “ఊపిరాడుట లేదు” అని రోగి యన్నచో, అది నటన యనుకొనక వెంటనే విడువవలెను. క్షణములలో ముగియవలెను.

అలజడి యడగినతరువాత పనికి అసలు ముగింపు. రోగికి మంచినీళ్లిచ్చి, దెబ్బలేమైన తగిలినవేమో చూడవలెను. నిందింపరాదు, వారికా సంగతి జ్ఞాపకముండకపోవచ్చును, భయము మాత్రము మిగిలియుండును. పరిచారికను కొంతసేపు కూర్చుండబెట్టి కాఫీ యిచ్చి, జరిగినది చెప్పనీయవలెను. పిమ్మట పుస్తకమున వ్రాయవలెను. ఈ కడపటిపని విడిచినచో రేపు మరల నదే జరుగును.

రెండు హెచ్చరికలు వైద్యులనుండి వినినవి చెప్పెదము. నిన్నటివరకు నెమ్మదిగా నున్నవారు ఒకటి రెండు దినములలో హఠాత్తుగా మారినచో, ఏడ్పు, అరుపు, పగటినిద్ర, లేనివి కనబడుట మొదలైనచో, అది పాతవ్యాధి ముదరుట యనుకొనరాదు. మూత్రమార్గమున చీము, జ్వరము, నీరు చాలకపోవుట, కొత్తగా వేసిన మందు, ఏదైన కారణము కావచ్చును. ఆనాడే డాక్టరునకు చూపవలెను. రెండవది మాత్రలసంగతి. అలజడి యణచుటకిచ్చు మానసికవ్యాధి మందులు డిమెన్షియాగల వృద్ధులలో మరణాపాయమును పెంచునని అమెరికా ఔషధశాఖవారు 2005లో హెచ్చరించిరి. డాక్టరుగారు తూచి కొంతకాలమునకు వ్రాయుట వేరు. ఇంటిలో నిద్రపోవుటకని మనమే యొకమాత్ర హెచ్చించుట వేరు. మానుటయు వారినడిగియే మానవలెను.

ఇక పరిచారికమాట. దెబ్బలు తినుట ఆమె జీతములో భాగము కాదు. మా యింట తొలిదినములలో ఆ పిల్ల రాత్రియంతయు మేల్కొని పగలంతయు పనిచేయుచుండెను. నిద్రలేని చేతికి ఓరిమి యెక్కడిది? తువ్వాలు కట్టినది ఆమె క్రూరత్వము కాదు, నేర్పనితనము, అలసట, ఒంటరితనము. ఈ మూడింటిలో రెండు మేమిచ్చినవే. ఇప్పుడు వారమున కొకదినము సెలవు. రాత్రి నాలుగుగంటలు మేము మేల్కొందుము. స్నానవేళ పిలిచిన పలుకుదూరమున నొకరుందుము. ఎదురుదెబ్బ కొట్టవలెనని మనసుకు తోచినచో వెంటనే గదినుండి వెలుపలికి వచ్చి మమ్ము పిలువుమనియు, అది తప్పుగా నెంచమనియు చెప్పితిమి. ఆమె రెండుమార్లట్లు పిలిచినది. ఆ రెండుమార్లును మేమామెను మెచ్చుకొంటిమి.

2023లో ప్రకటింపబడిన యొక పరిశోధన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా దాదాపు 88 లక్షలమంది, డిమెన్షియాతో నున్నారు. వారిని చూచువారు ఎక్కువగా ఇంటి కోడండ్రు, కూతుండ్రు, భార్యలు, మన యింటికి పనికి వచ్చు ఆడుబిడ్డలు. కావున పరిచారికను కుదుర్చుకొనునప్పుడు జీతమెంత, భోజనమెక్కడ యని మాత్రమే యడుగక, రోగి కొట్టినచో నేమి చేయవలెనో నేర్పితిరా, నేర్పినవారెవరు, చేసి చూపించిరా, ఆపద వచ్చినచో ఆ పిల్ల ఎవరిని పిలువవలెను అని యేజెన్సీవారిని అడుగుడు. పదియిండ్లవారడిగినచో వారును నేర్పక తప్పదు. మన పెద్దలకు చెవి యే వైపు వినబడునో, నొప్పి యెక్కడనో, ఏ మాటకు నవ్వుదురో, దేనికి భయపడుదురో యొక కాగితముపై వ్రాసి మొదటిదినముననే ఆమెకిండు. దిక్కుతోచనప్పుడు వృద్ధులకొరకు 14567, మనోవ్యాకులతకొరకు టెలీమానస్‌వారి 14416 అను ప్రభుత్వపు ఫోను సంఖ్యలు గలవు. పరిచర్య చేయువారును తమకొరకు పిలువవచ్చును.

ఆ పిల్ల నేటికిని మా యింటనే యున్నది. మా అత్తగారికి ఆమె పేరు తెలియదు. ఒకనాడు చెల్లెలనును, ఒకనాడు పొరుగింటి పిల్లయనును. మొన్న నుదయము స్నానపుగదినుండి మాటలు వినబడగా మేము తలుపుదగ్గర నిలిచితిమి. “నీళ్లు వేడిగా ఉన్నాయేమో చూసుకో అమ్మాయీ, చెయ్యి కాలుతుంది” అని మా అత్తగారు హెచ్చరించుచున్నారు. మేము చప్పుడు చేయక వంటయింటికి మరలితిమి. ఈమారు ముఖము తిప్పుకొని కాదు.